పక్షుల పేర్ల పడవలు

ఎడిన్‌బరో నుంచి ఉత్తరంగా బయల్దేరి ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట కొత్త వంతెన దాటితే ఫైఫ్ సీమ మొదలవుతుంది. కుడిచేతి వైపు 1890లో కట్టిన ఎర్ర ఉక్కు రైలు వంతెన కాసేపు తోడు వస్తుంది. అది వెనకబడ్డాక తూర్పుకి తిరిగి సముద్రం వెంట వెళ్లాలి. ఈలీ, సెయింట్ మోనన్స్, పిట్టెన్‌వీమ్, ఆన్‌స్ట్రదర్, క్రేల్. ఒకదాని పక్కన ఒకటి చిన్న చిన్న రేవు ఊళ్లు. రాతి గోడలు, ఎర్ర పెంకుల కప్పులు, ఇరుకు సందులు. ఏ సందులో నడిచినా చివరికి సముద్రం దగ్గరే తేలతాం. ఒకప్పుడు ఈ ఊళ్లన్నీ హెర్రింగ్ చేప మీద బతికాయి. చేప తగ్గింది, పడవలు తగ్గాయి, రేవులు మాత్రం అలాగే ఉన్నాయి.

నేను వెళ్లింది ఆన్‌స్ట్రదర్‌కి. అక్కణ్ణుంచి పడమటి సముద్రంలోని స్కై ద్వీపం దాకా వెళ్లాలని ముందే అనుకున్నాను. ఈ ప్రయాణానికి కారణం ఇయన్ ఆట్రెడ్. కొయ్య పడవలు గీసిన మనిషి, తన చేతులతో కట్టిన మనిషి. 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు. గోదావరి ఒడ్డున పెరిగినందువల్ల కావచ్చు, పడవ కట్టేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. ఆయన గురించి చదివిన కొద్దీ, ఆయన గీసిన పడవల్ని అవి తేలే నీళ్ల మీదే చూడాలనిపించింది.

ఆన్‌స్ట్రదర్ రేవులోకి ఆటు సమయంలో వెళ్తే నీళ్లుండవు. పడవలన్నీ బురద మీద ఒరిగి ఉంటాయి. రేవుకి ఎదురుగానే స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం. 1969లో మొదలైంది. స్కాట్లండ్ మత్స్యకారుల జీవితమంతా అందులో ఉంది. వలలు, పీపాలు, చేపలు కోసే ఆడవాళ్ల కత్తులు, తుపానుల్లో పోయినవాళ్ల పేర్లు. 1902 నాటి 'రీపర్' అనే పెద్ద తెరచాప పడవ కూడా ఈ మ్యూజియందే. పాత పడవల్ని బాగుచేయడానికి వాళ్లకి సొంత పడవల షెడ్డు ఉంది. పని చేసేవాళ్లలో చాలామంది జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలు.

పోటు వచ్చి రేవు నిండాక అసలు దృశ్యం మొదలైంది. ఒక సన్నటి పొడవాటి పడవని చక్రాల బండి మీద తోసుకుంటూ ఐదుగురు వాలు మీదికి తెచ్చారు. ఒకరు నడివయసు దాటిన ఆవిడ, ఇద్దరు పెన్షన్ తీసుకునే వయసువాళ్లు, ఇద్దరు కుర్రవాళ్లు. నలుగురు తలా ఒక తెడ్డు పట్టుకున్నారు. ఆవిడ చుక్కాని దగ్గర సరంగులా కూర్చున్నారు. రెండు కొసలూ కోసుగా ఉన్న ఆ పడవ నీళ్లలోకి దిగగానే బరువంతా ఎక్కడో వదిలేసినట్టు కదిలింది. అణియం దగ్గర పైకి లేచి, నడుమ కిందికి జారి, అమరం దగ్గర మళ్లీ లేచే దాని పై అంచు గీతని ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. దాన్ని సెయింట్ ఏల్స్ స్కిఫ్ అంటారు. ఆ గీత ఆట్రెడ్‌ది.

తిరిగొచ్చాక ఆవిడతో మాట్లాడాను. ఆ పడవని కొనలేదట, ఊరివాళ్లంతా కలిసి ఒక చలికాలంలో కట్టుకున్నారట. అంతకుముందు ఆవిడ ఎన్నడూ చిత్రిక పట్టి ఎరగరు. ఇప్పుడు ఆ పడవలో ఏ పలక అంచుని తాను చెక్కారో చూపించగలరు. చూపించారు కూడా.

ఈ స్కిఫ్ వెనక చరిత్ర ఉంది. ఫైఫ్ తీరంలోని బొగ్గు గని ఊళ్ల మధ్య ఒకప్పుడు తెడ్డు పడవల పందేలు జరిగేవి. గనులతో పాటే అవీ పోయాయి. ఆ పందేలని మళ్లీ బతికించాలని మ్యూజియంవాళ్లు అనుకున్నారు. అందుకు ఒక పడవ కావాలి. ఊరి జనం సొంతంగా కట్టుకోగలిగేంత సులువుగా ఉండాలి, అందుబాటు ఖర్చులో రావాలి, ఉత్తర సముద్రపు అలలకి తట్టుకోవాలి, చూడ్డానికి అందంగా ఉండాలి. ఈ పని ఆట్రెడ్‌కి అప్పగించారు. ఆయన షెట్లండ్ దగ్గరి ఫెయిర్ ఐల్ ద్వీపపు పాత చేపల పడవని ఆధారంగా తీసుకుని 22 అడుగుల పడవ గీశారు. మ్యూజియం ఉన్న స్థలంలో పూర్వం ఉన్న చిన్న ప్రార్థనా మందిరం పేరే దానికి పెట్టారు. 2009లో మొదటి పడవ నీళ్లలో దిగింది. మరుసటి ఏడాదికే పందేలు మొదలయ్యాయి. 2013లో అల్లపూల్‌లో ప్రపంచ పోటీలే జరిగాయి. తర్వాత ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ సరస్సులో, స్ట్రాన్‌రార్‌లో జరిగాయి. ఇవాళ ఇంగ్లండ్, నెదర్లాండ్స్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా ఈ పడవలు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని కట్టినవాళ్లు అంతకుముందు పడవ పని తెలియనివాళ్లు.

ఆట్రెడ్ స్కాట్లండ్‌లో పుట్టలేదు. 1939లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టారు, సిడ్నీలో పెరిగారు. సిడ్నీ నౌకాశ్రయం తెరచాప పడవలకి పుట్టినిల్లు లాంటిది. అక్కడ కుర్రవాడిగా ఆయన మోత్ అనే 11 అడుగుల పందెం పడవలు నడిపారు. మోత్‌కి ఒక ప్రత్యేకత ఉంది. పొడవు, తెరచాప వైశాల్యం లాంటి కొన్ని కొలతలకి కట్టుబడితే చాలు, మిగతా ఆకారం ఎవరికి నచ్చినట్టు వాళ్లు గీసుకోవచ్చు. అంటే పడవ నడిపే ప్రతి కుర్రవాడూ నీళ్లు ఎలా పారతాయో, ఏ వంపు ఎందుకు వేగాన్నిస్తుందో తనే ఆలోచించాలి. పందెం పడవ బరువు ప్రతి ఔన్సూ లెక్కే. ఆయన గీసిన పడవలన్నిటిలో కనిపించే తేలికదనానికి ఈ బడే మూలమని నాకనిపిస్తుంది.

1960లలో బ్రిటన్ చేరారు. అక్కడ రేవుల్లో, మ్యూజియాల్లో పాత పని పడవలు కనిపించాయి. ప్రతి తీరానికీ దాని పడవ ఉంది. ఎక్కడి అలలకి, ఎక్కడి ఇసుకకి, ఎక్కడి చేపకి తగ్గట్టు అక్కడ తరతరాలుగా రూపం దిద్దుకున్న పడవ. పందెం పడవల లోకం నుంచి వచ్చిన యువకుడికి ఈ పాత ఆకారాల్లో చాదస్తం కనిపించి ఉండొచ్చు. ఆయనకి జ్ఞానం కనిపించింది. కుతూహలం అంటే ఆయనదే. అమెరికాలోని మసాచుసెట్స్ తీరపు స్వాంప్‌స్కాట్ డోరీ అనే పడవని పరిశీలించి జాన్ డోరీ గీశారు. 1865లో జాన్ మాక్‌గ్రెగర్ అనే ఆయన 'రాబ్ రాయ్' అనే చిన్న కనూలో యూరప్ నదుల మీద తిరిగి పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నారు. ఆ కనూని మనసులో పెట్టుకుని ఆట్రెడ్ మాక్‌గ్రెగర్ కనూ గీశారు. అన్నిటికన్నా ఎక్కువగా ఆయన్ని పట్టుకున్నది షెట్లండ్ పడవ.

ఆ పడవ వంశం వైకింగుల దాకా వెళ్తుంది. పలకల్ని ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పేర్చి, రివెట్లతో బిగించి, లోపల పక్కటెముకలు తొడిగే పద్ధతి అది. క్లింకర్ అంటారు. నార్వే, డెన్మార్క్, స్వీడన్ తదితర నార్డిక్ దేశాల ఈ సంప్రదాయాన్ని 2021లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. షెట్లండ్‌లో చెట్లు బహు తక్కువ. పడవకి కావలసిన కలప అక్కడ లేదు. అందుకని వందల ఏళ్ల పాటు నార్వేవాళ్లు పడవని కట్టి, మళ్లీ విప్పి, ఆ ముక్కల్ని ఓడల్లో షెట్లండ్‌కి పంపేవారు. ఇక్కడివాళ్లు వాటిని తిరిగి కలుపుకునేవారు. ఆన్‌స్ట్రదర్‌లో నేను చూసిన స్కిఫ్ కూడా యంత్రం మీద ముందే కోసిన ప్లైవుడ్ ముక్కల కిట్‌గానే ఊళ్లకి వెళ్తుంది. కొత్త పద్ధతి అనుకున్నది నిజానికి ఆ సముద్రానికి ఎప్పటి నుంచో అలవాటైన పద్ధతే.

ఆట్రెడ్ నైపుణ్యం ఎక్కడుందంటే, పాత ఆకారాన్ని చెడగొట్టకుండా కొత్త సామగ్రికి మార్చడంలో ఉంది. సంప్రదాయ క్లింకర్ పడవకి మంచి లార్చ్ పలకలు, ఓక్ కలప, అన్నిటికన్నా ముఖ్యంగా ఏళ్ల తరబడి అనుభవం ఉన్న చేతులు కావాలి. పైగా అలాంటి పడవని ఒడ్డున ఎండలో పెడితే పలకలు ఎండి అంచులు విడతాయి. మళ్లీ నీళ్లలో నానితే గాని కారడం ఆగదు. రేవులో కట్టేసే రోజుల్లో అది ఇబ్బంది కాలేదు. ఇంటి ముందు ట్రైలర్ మీద ఉంచి సెలవురోజు మాత్రమే బయటికి తీసేవాళ్లకి పెద్ద ఇబ్బందే.

ఆయన ఎంచుకున్న మార్గం మెరైన్ ప్లైవుడ్, ఎపాక్సీ జిగురు. ముందు ఆకారపు అచ్చుల్ని వరసగా నిలబెట్టి, వాటి మీద పడవని బోర్లించి కట్టాలి. అడుగు దూలం పక్కనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పలక వరసా పైకి ఎక్కించాలి. ప్రతి పలక అంచునీ పక్క పలక ఒదిగి కూర్చునేలా చిత్రికతో ఏటవాలుగా చెక్కాలి. జిగురు రాసి బిగించాలి. జిగురు ఆరాక రెండు పలకలు కలిసిన చోట మందం రెట్టింపై, ప్రతి కలయికా ఒక దూలంలా పడవకి బిగువునిస్తుంది. అందువల్ల లోపల పక్కటెముకలు చాలావరకు అక్కర్లేదు. పడవ తేలికవుతుంది. ఎండినా కారదు. బయటి నుంచి చూస్తే మాత్రం ఆ పలకల గీతలు, వాటి నీడలు, వెయ్యేళ్ల నాటి అందం అలాగే ఉంటాయి.

ఈ పద్ధతిలో అందం అంత తేలిక కాదు. ప్రతి పలక అంచూ అణియం నుంచి అమరం దాకా కంటికి కనబడే ఒక గీత. ఒక్క గీత కాస్త తప్పుగా వంగినా పడవంతా వికారంగా కనిపిస్తుంది. గీతలన్నీ ఒకదానికొకటి సరిపోతూ పోవాలి. ఆట్రెడ్ గీసిన పడవని చూసినవాళ్లు మొదట పొగిడేది ఈ గీతల్నే. లెక్కలతో ఇది రాదు. ఎన్నో పడవల్నీ, ఎన్నో ప్రాణుల్నీ కళ్లారా చూసినవాడి చేతికే వస్తుంది.

ప్రాణులనడానికి కారణం ఉంది. ఆన్‌స్ట్రదర్ రేవు గోడ మీద నిలబడితే ఎదురుగా మే ద్వీపం కనిపిస్తుంది. వేసవిలో అక్కడికి పడవలు వెళ్తాయి. రంగురంగుల ముక్కున్న పఫిన్లు వేల సంఖ్యలో బొరియల్లో గూళ్లు పెడతాయి. కొండ అంచుల మీద గిల్లెమాట్లు, కిట్టివేక్‌లు కిక్కిరిసి ఉంటాయి. ఆర్కిటిక్ టెర్న్‌లు తమ గూళ్ల దగ్గరికి వచ్చినవాళ్ల తలల మీదికి దూసుకొస్తాయి. ఏటా ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి దక్షిణ ధ్రువ సముద్రాల దాకా పోయివచ్చే పిట్ట అది. ఇంకాస్త దక్షిణంగా, ఆకాశం తేటగా ఉంటే, బాస్ రాక్ అనే ఒంటరి బండ కనిపిస్తుంది. గానెట్ పక్షుల రెట్టలతోనూ, రెక్కలతోనూ తెల్లబడిన బండ. గానెట్ గాలిలోంచి రెక్కలు ముడుచుకుని నీళ్లలోకి పడేటప్పుడు వేగం గంటకు 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఇప్పుడు ఆట్రెడ్ పడవల పేర్లు చదవండి. పఫిన్, గిల్లెమాట్, ఆర్కిటిక్ టెర్న్, గానెట్, ఆక్. పక్షులు కాకపోతే గ్రే సీల్ అనే సముద్రపు సీలు, స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప, ఏకార్న్ అనే ఓక్ కాయ. ఆయన డిజైన్ల జాబితా ఆ తీరపు జీవజాలం జాబితాలా ఉంటుంది. పేరుకి తగ్గట్టే పడవ ఉంటుంది. పఫిన్ పొట్టిగా, గుండ్రంగా ఉండే చిన్న పడవ. ఆర్కిటిక్ టెర్న్ రెండు కొసలూ సన్నబడిన 18 అడుగుల పడవ. మోటారు శబ్దం లేకుండా గాలితోనో తెడ్డుతోనో వెళ్లే పడవ పక్షుల దగ్గరికి వాటిని బెదరగొట్టకుండా వెళ్లగలదు. ప్రకృతి మీద ప్రేమ ఆయన పనిలో ఇలా అడుగడుగునా కలిసిపోయింది.

ఆన్‌స్ట్రదర్ నుంచి స్కై చేరాలంటే స్కాట్లండ్‌ని అడ్డంగా దాటాలి. పెర్త్ దాటాక కొండలు దగ్గరవుతాయి. ఇన్వర్‌గ్యారీ నుంచి పడమటికి తిరిగే దారిలో గ్లెన్ షీల్ లోయ వస్తుంది. రెండు వైపులా కొండలు, మధ్యలో ఏరు, దారి. లోయ చివర సముద్రపు పాయ ఒడ్డున ఐలన్ డోనన్ కోట. కైల్ ఆఫ్ లోఖాల్ష్ దగ్గర 1995లో కట్టిన వంతెన ఎక్కితే స్కై ద్వీపం. అప్పటిదాకా మనుషులూ బళ్లూ ఈ పాయని ఫెర్రీ మీదే దాటేవి.

స్కైలో రోడ్డు పక్క పలకల మీద ఊళ్ల పేర్లు గేలిక్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ఎడమవైపు కూలిన్ పర్వతాలు నల్లగా, పదునుగా నిలబడతాయి. పోర్ట్రీ దాటి డన్‌వెగన్ వైపు వెళ్తే స్నిజార్ట్ బేగ్ అనే సన్నటి సముద్రపు పాయ లోపలికి చొచ్చుకొస్తుంది. దాని ఒడ్డున బర్నిస్‌డేల్. ఊరంటే గుంపుగా ఇళ్లు కావు. తలా కాస్త పొలం, తలా ఒక ఇల్లు, మధ్యలో గొర్రెలు, కింద నీళ్లు. ఆట్రెడ్ తన జీవితం చివరి భాగమంతా ఇక్కడే గడిపారు, పడవలు గీసుకుంటూ, కట్టుకుంటూ.

ఆ ఒడ్డున నడిచాను. వేసవి కావడంతో రాత్రి పది దాటినా వెలుతురు పోలేదు. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. ఆటుకి బయటపడిన సముద్రపు పాచి వాసన. ఒక గట్టు మీద నలుపూ తెలుపూ కలిసిన ఒళ్లు, నారింజ రంగు ముక్కు ఉన్న ఆయిస్టర్‌క్యాచర్ పక్షులు అరుస్తూ తిరుగుతున్నాయి. పెద్ద కంపెనీ లేదు, ఫ్యాక్టరీ లేదు. ప్రపంచంలోని ఎన్నో దేశాల గ్యారేజీల్లో, కొట్టాల్లో కట్టిన పడవలు ఈ ఒడ్డున ఒక మనిషి బల్ల మీద పెన్సిల్ గీతలుగా మొదలయ్యాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చే 'ఉడెన్‌బోట్' పత్రిక ఆయన ప్లాన్లని అమ్మింది. నిక్ కాంప్టన్ ఆయన జీవితచరిత్ర రాశారు. అంత పేరొచ్చినా ఆయన నిరాడంబరంగానే ఉన్నారు. సంపద కూడబెట్టుకునే వృత్తి కాదది. ఒక ప్లాను కొన్నవాడు ఆ ప్లానుతో ఏళ్ల తరబడి గడుపుతాడు. గీసినవాడికి దక్కేది ఒక్కసారి కట్టే ధరే.

ఆయన ప్లాన్ల గురించి చెప్పాలి. పడవ గీసేవాళ్లు సాధారణంగా చిన్న కొలతలో బొమ్మ ఇస్తారు. కట్టేవాడు దాన్ని నేల మీద అసలు పరిమాణంలో గీసుకుని, తేడాలు సరిచేసుకుని, అచ్చులు తీయాలి. అనుభవం లేనివాడు అక్కడే ఆగిపోతాడు. ఆట్రెడ్ చిన్న పడవల ప్లాన్లలో అచ్చులు అసలు పరిమాణంలోనే గీసి ఉంటాయి. కాగితం పలక మీద పరిచి గీత దించుకుంటే చాలు. క్లింకర్ ప్లైవుడ్ పడవలు కట్టడం మీద సొంతంగా ఒక పుస్తకం రాశారు, బొమ్మలు తనే వేశారు. తనకి తెలిసినదంతా అందులో పెట్టారు. ఏ పలక ఎక్కడ మొండికేస్తుందో, అంచుని ఎంత చెక్కాలో, బిగించే పట్టీలు ఎలా తయారుచేసుకోవాలో అన్నీ. 19.5 అడుగుల కలెడోనియా యాల్ లాంటి సముద్రపు పడవని కూడా సాదా మనుషులు ఇంట్లో కట్టుకోగలిగారంటే ఈ ఓపికే కారణం.

చేతిపని తెలిసినవాళ్లలో రెండు రకాలుంటారు. తన పని రహస్యం తనతోనే పోవాలనుకునేవాళ్లు ఒకరు. వచ్చిన ప్రతివాడికీ నేర్పి, నేర్చినవాడి చేతిలో పని బతకాలనుకునేవాళ్లు రెండోవారు. ఆట్రెడ్ రెండో రకం. ఆయన తన చేతులతో కట్టిన పడవలు కొన్నే. ఆయన గీతల మీద ఇతరులు కట్టినవి ఎన్నెన్నో రెట్లు. షెట్లండ్ పడవ ఒక మ్యూజియం గాజు పెట్టె వెనక వస్తువుగా మిగిలిపోకుండా, ఆన్‌స్ట్రదర్‌లో చిత్రిక పట్టడం నేర్చుకున్న ఆ ఆవిడ చేతికి చేరింది. ఒక పాత విద్యని కాపాడటం అంటే ఇదే.

స్కై నుంచి తిరిగొస్తున్నంతసేపూ మన తీరమే గుర్తొచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగిలో ఒకప్పుడు కొయ్య ఓడలు కట్టేవారు. ఒక్క ఇనప మేకు లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన మసూలా పడవ మన తీరపు అలల మీద ఎగిరిపడుతూ కూడా విరగకుండా ఒడ్డు చేరేది. దుంగలు కట్టిన తెప్ప ఉంది. కాకినాడ నావ ఉంది. ప్రతిదీ ఒక తీరాన్ని తరతరాలు చూసి చూసి దిద్దిన ఆకారమే. ఇవాళ వేట చాలావరకు ఫైబర్ పడవల మీదే. మత్స్యకారుణ్ణి తప్పు పట్టలేం. ఫైబర్ పడవ తేలిక, మన్నిక, కలప దొరకదు, దొరికినా ధర అందదు. కానీ వేట మారినంత మాత్రాన విద్య పోనక్కర్లేదు. అజంతా చిత్రంలోని ఓడని ఆధారం చేసుకుని, కేరళ పనివాళ్ల చేతుల మీదుగా కుట్టిన 'కౌండిన్య' 2025లో మన నౌకాదళంలో చేరింది. కుట్టు పడవ మన దేశంలో మళ్లీ కట్టగలమని అది రుజువు చేసింది.

మన దగ్గర ఇంకా పాత వడ్రంగులున్నారు. బాడిసతో పలక చెక్కి, కంటితోనే వంపు సరిచూసేవాళ్లు. వాళ్ల దగ్గర కాగితం లేదు, కొలతలన్నీ చేతుల్లోనూ జ్ఞాపకంలోనూ ఉన్నాయి. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు, చరిత్ర చదివేవాళ్లు, తీరపు ఊళ్ల టీచర్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పడవ దగ్గరికి వెళ్లి టేపు పట్టి కొలవాలి, గీయాలి, ఆ వడ్రంగి మాటల్ని రాసుకోవాలి. ఒక ఊళ్లో పిల్లలూ పెద్దలూ కలిసి ఒక్క నావ కట్టినా చాలు, పక్క ఊరు చూస్తుంది. మీ ఊళ్లో పడవ కట్టే పెద్దాయన ఉంటే, ఈ వారమే వెళ్లి ఆయన పక్కన కూర్చోండి.